అక్క ఎడ్లూ, నా పొడుగు లెన్సూ

నరసరావుపేటలో పాత ఫొటో స్టూడియో ఒకటి మూసేస్తున్నారనీ, అందులో ఫిల్ము రోజుల్నాటి లెన్సులు కొన్ని మిగిలాయనీ ఎవరో చెప్తే సెలవు పెట్టుకుని మరీ పోయాను. పోకుండా ఉంటే ఎంత బాగుండేదో. ఇప్పుడనుకుని ఏం లాభం, పోయాను.

నాది నాగార్జునసాగర్ డ్యాము పక్కన విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఆఫీసు ఉద్యోగం. పగలంతా ఫైళ్ళూ సంతకాలూ, సాయంత్రమైతే చేసేదేమీ ఉండదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పి అలిసిపోయాను గనక ఇక్కడ ఏదీ చెప్పను. డ్యాము దిగువన బండల మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుని కూచుంటాయి. వాటి కోసమే ఒక డిజిటల్ కెమెరా కొనుక్కున్నా. దాంతోపాటు ఇచ్చిన లెన్సుతో తీస్తే పిట్ట ఆవగింజంత కనపడేది. పిట్టని దగ్గరికి లాగాలంటే పొడుగు లెన్సు కావాలి. కొత్త పొడుగు లెన్సు ధర చూస్తే నవ్వొచ్చింది, ఏడవటానికి ఓపిక లేక. అందుకని పాతవాటి మీద పడ్డాను.

పాత లెన్సుల్లో మోటారుండదు, కరెంటుండదు, వాటంతట అవి ఏ పనీ చేయవు. మధ్యలో ఒక రింగు బిగిస్తే ఇప్పటి కెమెరాకి పడతాయి. ఫోకస్ మనం చేత్తో తిప్పుకోవాలి, వెలుతురు ఎంత రావాలో మనమే తిప్పుకోవాలి. ఫోకస్ కుదిరిన చోట కెమెరా తెర మీద అంచుల వెంబడి సన్నటి ఎర్ర గీతలు వస్తాయి. ఆ గీతలు పిట్ట కంటి దగ్గరికి వచ్చేదాకా తిప్పి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. ఈలోపు పిట్ట ఎగిరిపోతుంది. అయినా నాకు ఆ పని ఇష్టం. ఆఫీసులో నా చేత్తో తిరిగేది కుర్చీ ఒక్కటే.

స్టూడియో ఆయన బల్ల మీద తువ్వాలు పరిచి మూడు లెన్సులు నిలబెట్టాడు. నూట ముప్పై అయిదు మిల్లీమీటర్లది ఒకటి, రెండొందలు ఒకటి, మూడొందలు ఒకటి. అంకె పెరిగేకొద్దీ దూరాన ఉన్నది దగ్గరవుతుంది, మెడకి తగిలించుకున్నవాడికి మెడ నొప్పీ ఎక్కువవుతుంది. నూట ముప్పై అయిదుది జర్మనీ సరుకు, అరచేతిలో ఇమిడిపోయింది. రెండొందలది జపాను. మూడొందలది రష్యాది, నల్లగా, లావుగా, ఇనప గొట్టం.

"ఏది మంచిదండీ?" అనడిగాను.

"మూడూ మంచియ్యే," అన్నాడాయన. అమ్ముకునేవాడు ఇంకేమంటాడు.

టార్చి వేసి ఒక్కోదాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూశాను. రెండొందల దాంట్లో అద్దం లోపల సాలెగూడులాగా బూజు పట్టి ఉంది. అది బూజు కాదు, లైటు పడి అట్టా కనపడుతోంది అన్నాడు. బూజే. నూట ముప్పై అయిదుది శుభ్రంగా ఉంది గానీ నా పిట్టలకి ఆ దూరం చాలదు. మూడొందల దాని రింగు తిప్పితే గట్టిగా, నిదానంగా తిరిగింది, నాకు నచ్చింది. కాకపోతే ఆ పాత గొట్టాలు కొన్ని నడిమధ్య బాగానే చూపించి అంచుల్లో అలికేస్తాయి. కొట్లో కూచుని చూస్తే ఆ సంగతి తెలియదు.

నేను ఎటూ తేల్చుకోలేక నానుస్తుంటే ఆయనే అన్నాడు, "మూడూ పట్టుకుపోవయ్యా. రెండు వారాలు వాడి చూడు. ఒకటి ఉంచుకుని రెండు తెచ్చియ్యి." ఊరూ పేరూ తెలియనివాడికి ఎట్టా ఇస్తారండీ అన్నా. "నువ్వు ఎడ్లాయన బామ్మర్దివంటగా. ఆయన పేరు చాలు," అన్నాడు. పల్నాట్లో నా ఉద్యోగమెవరిక్కావాలి, చదువెవరిక్కావాలి. మా బావ ఎడ్లు కావాలి.

మా బావ సంగతి చెప్పాలి. గురజాల పక్కన పల్లెటూళ్ళో మిరపా పత్తీ వేస్తాడు. దుక్కికి ట్రాక్టరుంది. ఎడ్ల జత మాత్రం బండలాగుడు పోటీల కోసమే. తిరనాళ్ళలో పెద్ద బండరాయికి ఎడ్లని కట్టి లాగిస్తారు, ఇచ్చిన టైములో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతకి గెలుపు. ఆ జతకి కొట్టంలో ఫ్యాన్లున్నాయి. ఉలవలు, కోడిగుడ్లు, రోజూ ఒంటికి నూనె. ఊళ్ళో మా బావ మాట చెల్లుతున్నదంటే సగం ఆ ఎడ్ల వల్లే. ఈసారి పంచాయితీ ఎన్నికల్లో నిలబడమని నలుగురూ ఎగదోస్తున్నారు కూడా.

అక్క ఉన్నది కాబట్టి నేనున్నాను. మా అమ్మ పోయేనాటికి నేను పదో తరగతి, నాన్న అంతకు ముందే లేడు. అక్కకి అప్పటికి పెళ్ళయి ఏడాది తిరగలేదు. అత్తగారింట్లో కొత్తకోడలు, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోయి "వీడూ ఇక్కడే ఉంటాడు" అని చెప్పిందంట. అనిపించుకోవాల్సినవన్నీ అనిపించుకుంది, నా చదువు మాత్రం ఆపలేదు. ఉద్యోగం వచ్చాక నేను సాగర్‌లో క్వార్టర్సుకి మారినా ఆదివారం మాచర్ల మీదుగా బస్సెక్కి అక్క దగ్గరికి పోవాల్సిందే. నాకు ఇల్లంటే అదే. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగిన దానిలో నాకు పోయేదేదన్నా ఉన్నదంటే ఆ ఇల్లే.

ఆ ఆదివారం మూడు లెన్సులూ సంచీలో వేసుకుని అక్కవాళ్ళింటికి పోయాను. లెన్సు సత్తా తెలియాలంటే సన్నటి వెంట్రుకలున్నదాన్ని తీసి చూడాలి. ఎద్దుకి మించి ఏముంది. పైగా మా బావ నన్ను చూడగానే, "మంచి టైముకొచ్చావురా బామ్మర్దీ. వచ్చే ఆదివారం తిరనాళ్ళలో మన జత ఉంది. ఫ్లెక్సీకి ఫొటో కావాలి. ఫోన్లో తీస్తే సాగదీసినట్టొస్తంది. నీ కెమెరాతో తియ్యి," అన్నాడు. ఆయనే అన్నాడు. ఆయన నోటితోనే అన్నాడు. నేను అడగలేదు.

ఎడ్లని కడిగి, కాళ్ళకి పసుపు పూసి, కొమ్ములకి కుంకుమ పెట్టి వాకిట్లోకి తోలుకొచ్చారు. ముందు నూట ముప్పై అయిదుతో తీశా. బావ మధ్యలో నిలబడి మీసం దువ్వుకున్నాడు. రెండొందల దాంతో తీస్తే బూజు దెబ్బకి ఎండ పడిన చోటల్లా పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చింది. మూడొందలది ఉందే, అది దగ్గర్నుంచి పట్టదు. వాకిట్లో వెనక్కి వెనక్కి నడిచి గోడకి ఆనుకున్నా అది ఎద్దు మొహాన్ని తప్ప దేన్నీ ఇముడ్చుకోలేదు. ఇట్టా కాదని డాబా ఎక్కాను. పిట్టగోడ మీద బియ్యం సంచీ పెట్టి, దాని మీద ఆ గొట్టాన్ని ఆనించి, ఎడ్ల మీదికి తిప్పాను.

అబ్బ, ఏం లెన్సది. ఎద్దు కంటి రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. గంగడోలు మడతలో ఇరుక్కున్న ఉలవపొట్టు కనపడింది. మనసులో అప్పుడే దాన్ని కొనేశాను.

ఒక్కటే చిరాకు. వలపటెద్దు, అంటే కాడికి కుడివైపు కట్టేది, నిలకడగా నిలబడట్లేదు. ముందరి కాలు ఒకటి పెడుతుంది, తీస్తుంది, గిట్ట కొసన ఆనిస్తుంది. అది కదిలినప్పుడల్లా నా ఫోకస్ పోతోంది. "బావా, ఆ ఎద్దు కాలు నిలవనీయట్లేదు, ఏందది?" అని పైనుంచి అరిచాను. "ఈగలు," అన్నాడు. సరే, ఈగలే అనుకున్నాను. నేను ఎడ్లు కట్టినవాణ్ణి కాదు. కాయితాలు రాసుకునేవాణ్ణి.

ఫ్లెక్సీకి నూట ముప్పై అయిదుతో తీసిందే ఇచ్చాను. బావ ఎంత పెద్దగా వేయించాడంటే సెంటర్లో కరెంటు స్తంభం కనపడకుండా పోయింది.

తిరనాళ్ళ రోజు జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. మైకులో ఒకడు గొంతు చించుకుంటున్నాడు. నేను మైదానానికి దూరంగా ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కు ఎక్కి మూడొందల గొట్టాన్ని పట్టుకుని నిలబడ్డాను. నన్ను అందరూ చూశారు. చూడకపోతే బాగుండేది. మా బావ జత మొదటి చుట్టు బ్రహ్మాండంగా లాగింది. రెండో చుట్టు సగానికొచ్చేసరికి వలపటెద్దు ముందరి కాలు మడతపడింది. ముట్టె మట్టిలో ఆనింది. మనుషులు చుట్టూ మూగి లేపబోయారు, అది లేవలేదు. కాడి విప్పేశారు. మైకువాడు ఇంకో జత పేరు పిలిచేశాడు.

సాయంత్రం అక్కవాళ్ళ వాకిట్లో పరామర్శకి వచ్చిన జనం. మా బావ నులకమంచం మీద తలొంచుకుని కూచున్నాడు. పశువుల డాక్టరొచ్చి కట్టుకట్టి పోయాడు. బయటూరి నుంచి వచ్చిన ఎడ్లాయన ఒకాయన, పెద్దవాడే, నెమ్మదిగా అడిగాడు. "ఆ కాలికి ముందేమన్నా నలత ఉండిందా అబ్బాయ్?"

పల్నాట్లో ఎడ్లు కట్టేవాళ్ళకి ఇంతకన్నా పాడు ప్రశ్న లేదు. ఓడిపోయినవాణ్ణి మళ్ళీ పిలుస్తారు. కుంటుతున్న ఎద్దుని తెలిసి బండకి కట్టినవాడి మొహం చూడరు, వాడి జతని ఇంకో ఊరివాళ్ళు మైదానంలోకి రానీయరు.

మా బావ తల పైకెత్తాడు. ఆయన కళ్ళు జనం మీద తిరిగి నా మీదికొచ్చి ఆగాయి.

"నలతా పాడా ఏం లేదు. పోయిన ఆదివారం దాకా గుర్రంలాగా ఉంది," అన్నాడు. "మా బామ్మర్ది ఏదో గొట్టం తెచ్చి డాబా ఎక్కి దాని మీద గురిపెట్టాడు. అప్పట్నించే దానికి బాగాలేదు. అంతలావు అద్దంలోంచి చూస్తే దిష్టి తగలకుండా ఉంటదా?"

నేను నవ్వాను. నిజంగానే, ఎగతాళికన్నాడనుకున్నాను. నవ్వింది నేనొక్కణ్ణే.

"ఇయ్యాల కూడా ట్రక్కెక్కి అదే పెట్టుకునున్నాడు," అన్నాడొకడు. "నేను చూశా. సరిగ్గా ఎద్దు మీదే పెట్టాడు," అన్నాడింకొకడు. ఫోన్లో తీసినవాళ్ళు లేరా అంటే, ఊరందరి ఫోన్లలో ఆ ఎడ్లున్నాయి. పొద్దున యూట్యూబులో లైవు కూడా వచ్చింది. ఫోనుకి దిష్టి లేదంట, దాని అద్దం కందిగింజంత. నాదేమో గ్లాసంత లావుంది. అద్దం ఎంతైతే చూపు అంత, చూపు ఎంతైతే దిష్టి అంత. ఎంత సుబ్బరంగా లెక్క కుదిరిందో చూడండి. "తియ్యమన్నది మీరే గదా బావా," అన్నాను. "నేను వాకిట్లో తియ్యమన్నా, డాబా ఎక్కమన్నానా?" అన్నాడు. ఆ మాటకి తలలూపిన వాళ్ళలో నాతోపాటు చదువుకున్న టీచర్లు కూడా ఉన్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

అప్పుడు లోపల్నించి అక్క వచ్చింది. చేతిలో చాట, చాటలో రాళ్ళుప్పూ ఎండు మిరపకాయలూ. మా వైపు దిష్టి పెట్టినవాళ్ళు ఫలానా అని తెలిస్తే వాళ్ళ కాలి కింద మట్టి తీసి, ఉప్పూ మిరపకాయల్లో కలిపి, తగిలినదాని చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. సాధారణంగా ఈ మట్టి దొంగతనంగా తీస్తారు, ఎదటివాడికి తెలిస్తే తగువులవుతాయని. నా విషయంలో ఆ మర్యాద కూడా అక్కర్లేకపోయింది.

వాకిలంతా సిమెంటు చేయించి ఉంది. మట్టి కావాలంటే గేటు బయటికి రావాలి. "రారా," అంది అక్క. జనం పక్కకి జరిగి దోవ ఇచ్చారు. బజార్లో నిలబెట్టి, "చెప్పులిప్పి ఒక అడుగు వెయ్యి," అంది. వేశాను. "కాలెత్తు," అంది. ఎత్తాను. వంగి నా కాలి గుర్తులోంచి చిటికెడు మట్టి తీసింది. ఈ అక్కే చిన్నప్పుడు నా కాలికి ముల్లు గుచ్చుకుంటే పంటితో పీకింది. నా మొహం వంక చూడలేదు.

ఎద్దు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేశారు. గాలి రోడ్డు వైపు కొడుతోంది, పొగంతా అటు పోయింది. ఎవరికీ దగ్గు రాలేదు. మిరపకాయలు కాల్తే ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. "చూశారా," అన్నారు. అదే రుజువు.

ఆ రాత్రి ఆఖరి బస్సుకి సాగర్ వచ్చేశాను. అక్క తిని పొమ్మంది. ఆకలి లేదన్నాను.

స్టూడియో ఆయనకి లెన్సులు తిరిగివ్వాల్సిన రోజు దగ్గరపడింది. కోపమున్నా పని పనే గదా. ఆఫీసు నుంచి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూచుని మూడు లెన్సుల ఫొటోలూ పక్కపక్కన పెట్టుకున్నా. నడిమధ్య ఏ లెన్సైనా బాగానే చూపిస్తుంది గనక అంచులు చూడాలని చెప్పాగా. ఫొటోని పెద్దది చేసుకుని కింది మూలకి పోయాను. ఆ మూలన ఉన్నది వలపటెద్దు ముందరి కాలు.

నూట ముప్పై అయిదు దాంట్లో కాలు చిన్నగా, పసుప్పచ్చగా కనపడింది. రెండొందల దాంట్లో తెల్లటి మసక. మూడొందల దాంట్లో గిట్టకి పైన కాలు ఉబ్బి ఉంది. పక్క కాలికి అందానికి పూసిన పసుపు పల్చగా, వెంట్రుకలు కనపడేటట్టుంది. ఈ కాలికి ఉన్నది పూత కాదు, మందంగా వేసిన పట్టు. బెణుకులకి పసుపూ సున్నం కలిపి వేస్తారే, ఆ పట్టు. ఎండి, పగుళ్ళిచ్చి, పగుళ్ళ మధ్యలో వాచిన తోలు మెరుస్తోంది. డాబా మీది నుంచి తీసిన ప్రతి ఫొటోలో అట్టాగే ఉంది. ఏ గొట్టం దిష్టి పెట్టిందన్నారో ఆ గొట్టమే పట్టింది అసలు సంగతిని. అద్దం అంచుల దాకా నిఖార్సుగా ఉంది.

కాలు బెణికిందని తెలుసు. పట్టు వేయించాడు. దాని మీద పండగ పసుపు పూయించి నన్ను ఫొటో తియ్యమన్నాడు. అడిగితే ఈగలన్నాడు. తీసుకెళ్ళి బండకి కట్టాడు. ఆ మూగజీవం కూలబడితే నా పేరు చెప్పాడు. ఆ ఫొటోని ఊరి వాట్సాప్ గ్రూపులో పడేస్తే చాలు. వేలు ఆ మీట మీద దాకా పోయింది. అక్క గుర్తొచ్చి ఆగాను. ముందు అక్కకి చూపిద్దాం, పాపం ఆమెకి తెలియదు, తెలిస్తే నా కాలి కింద మట్టి తీసేదా అనుకున్నాను. ఎంత పిచ్చివాణ్ణి.

మర్నాడు సెలవు పెట్టి పోయాను. బావ చేలో ఉన్నాడు. అక్క కల్లంలో పట్టా మీద కూచుని మిరపకాయల్లో తాలు ఏరుతోంది. పక్కన కూచుని కెమెరా తెర మీద ఫొటో పెద్దది చేసి చూపించాను. చేతికి కారం ఉందని ముట్టుకోకుండా వంగి చూసింది.

"ఈ పట్టు నేనే వేశా," అంది.

నేను కెమెరా కిందికి దించాను.

"తిరనాళ్ళకి పది రోజుల ముందే బెణికింది. పూటపూటా నేనే వేశా. వద్దయ్యా, కట్టమాక అని చెప్పా. ఆయనేమో పోటీకి పేరిచ్చేశా, ఇప్పుడు వెనక్కి తగ్గితే నవ్వుతారన్నాడు."

"తెలిసే నా కాలి మట్టి తీశావా అక్కా?"

"నేను తియ్యకపోతే ఇంకెవరన్నా తీసేవాళ్ళు. పరాయోళ్ళ చేత తీయించుకుంటావా?" అంది. కాయలు ఏరటం ఆపలేదు. "ఆ ఫొటో తీసెయ్యిరా," అంది.

"ఎందుకు తీసెయ్యాలి? నేనేం తప్పు చేశానని?"

"నువ్వేం తప్పు చెయ్యలా. అందుకే అడుగుతున్నా. నువ్వు మాట పడితే ఏం బోద్ది చెప్పు? నీకు ఇక్కడ ఎడ్లా, పొలమా, ఎలక్షనా? బస్సెక్కితే నీ ఊరు నీది. మీ బావ పడితే ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. ఆయన తిరగలేకపోతే నేనూ తిరగలేను." అప్పుడు చూసింది నా మొహంలోకి. "నీ కోసం నేను పడలేదా మాటలు, ఇదే ఇంట్లో?"

ఆ ఒక్క మాట అనకుండా అడిగినా తీసేసేవాణ్ణి. అనేసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అననిది, ఆ ఎద్దు కోసం అనేసింది. కెమెరాలో ఒక్కో ఫొటో తెచ్చి తీసేశాను. ప్రతిసారీ అది నిజంగానే తీసెయ్యమంటావా అని అడుగుతుంది, అవునని నొక్కాలి. "అన్నీ పోయినయ్యా?" అంది. పోయినయ్ అన్నాను. ల్యాప్‌టాప్‌లో ఉన్నవి కూడా క్వార్టర్సుకి పోయి తీసేశాను. దొంగచాటుగా దాచుకునే రకాన్ని కాను.

నరసరావుపేట పోయి రెండు లెన్సులు తిరిగిచ్చి మూడొందలది ఉంచుకున్నాను. "అదేనంటగా ఎద్దుని పడేసింది," అన్నాడు స్టూడియో ఆయన నవ్వుతూ. అంతదూరం పాకిందన్నమాట. "అవునండీ, అదే," అన్నాను. మాటెట్టాగూ పడ్డాను, వస్తువన్నా మంచిది దక్కాలిగా. దానితోనే నీటికాకుల్ని తీస్తున్నాను. బాగా వస్తున్నాయి. ఎవరికీ చూపించటం లేదు.

కొన్నాళ్ళు అక్క దగ్గరికి పోలేదు. ఆమె ఫోన్ చేస్తే ఆఫీసులో పనుందనేవాణ్ణి. వానలు మొదలయ్యాక ఒకరోజు ఫోన్ చేసి, "ఏరా, అక్క చచ్చిందనుకున్నావా? ఆదివారం రా, చేపల పులుసు పెడతా," అంది. ఆ గొంతు విన్నాక ఆగలేకపోయాను. కెమెరా క్వార్టర్సులోనే పెట్టి తాళం వేసి, ఉత్త చేతులతో పోయాను.

బావ ఏమీ జరగనట్టే, "ఏరా బామ్మర్దీ, చిక్కిపోయావే," అని పలకరించి, పంచాయితీ పనుందని బండెక్కి పోయాడు. వలపటెద్దుని ఎవరికో ఇచ్చేశారంట, కొత్తగా కోడెదూడల జత తెచ్చారంట. కొట్టంలోంచి మెడగంటలు వినపడుతున్నాయి. వానా లేదు, ఎండా లేదు, కొట్టానికి అడ్డంగా పైనుంచి కింద దాకా నీలం పట్టా కట్టి ఉంది. నేను అటు రెండడుగులు వేశానో లేదో అక్క వంటింట్లోంచి గబగబా వచ్చింది.

"కాళ్ళు కడుక్కో. అన్నం పెట్టేశా," అంది.

ఆ వరండాలో ఎప్పుడూ నేను కొట్టం వైపు తిరిగి కూచుని తింటాను. ఆ రోజు పీట గోడ వైపుకి తిప్పి వేసి ఉంది, కంచం గోడ పక్కనే పెట్టి ఉంది. నేను నిలబడి ఆ పీట వంక చూశాను. తర్వాత ఆమె వంక చూశాను. మేమిద్దరమే ఉన్నాం. చూసేవాళ్ళు లేరు, నమ్మించాల్సినవాళ్ళు లేరు.

"అక్కా, నీకు తెలుసుగా," అన్నాను.

"తెలుసులేరా," అంది. గరిటె చేతిలో పట్టుకుని నాకూ కొట్టానికీ మధ్యలో నిలబడింది. "దూడలు పసియ్యి. ఏమో, ఎందుకొచ్చింది. చెడ్డగా అనుకోమాక."

ఆమె కళ్ళలో భయం చూశాను. బావ కోసం ఆడుతున్న అబద్ధమైతే ఇంకో పదేళ్ళు మోసేవాణ్ణి. అది అబద్ధం కాదు. నా కళ్ళని చూసి మా అక్క నిజంగానే భయపడుతోంది. నేను గోడ వైపు తిరిగి పీట మీద కూచున్నాను. వెనకనుంచే వంగి, చేప ముక్క మంచిది ఏరి కంచంలో వేసింది, ముల్లు చూసుకుని తినమంది. తిన్నాను.